కరోకే లైబ్రరీకి కొత్త నంబర్లు: అక్షరక్రమమా, విభాగాలా, వరుస నంబరా?

కరోకే గ్రూపులు, అంటే గొంతు లేని సంగీతం ట్రాకుల మీద పాడుకునే బృందాలు, నడిపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ట్రాకులు వేలకు చేరాయి, నంబర్లు కలగాపులగమయ్యాయి, మొత్తం మార్చేద్దామనుకుంటున్నాం, ఎలా వేస్తే మేలు?

అక్షరక్రమంలో వేస్తే మొదటి రోజు ముచ్చటగానే ఉంటుంది. మధ్యలో ఒక్క కొత్త పాట చేరిందా, దాని కిందవన్నీ జరగాల్సిందే. పైగా మన ఫైళ్ల పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. ‘తొలి’ అనే మాటని ఒకరు టీ-ఓ అని, ఇంకొకరు టీ-హెచ్-ఓ అని మొదలుపెడతారు. ఇక క్రమం ఎక్కడిది?

సోలోలకు 1000 నుంచి, డ్యూయెట్లకు 3000 నుంచి, భక్తి పాటలకు 5000 నుంచి అంటూ విభాగాలు చేసేవాళ్లున్నారు. నంబరు చూడగానే రకం తెలుస్తుంది, కాదనను. మరి డ్యూయెట్‌గా ఉన్న భక్తి పాట ఎక్కడికెళ్లాలి? గాయకుల వారీగా వేస్తే ఘంటసాల, సుశీల కలిసి పాడింది ఎవరి ఖాతాలోకి?

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: ఒకసారి ఇచ్చిన నంబరు మారకూడదు. పాడేవాళ్లు తమ పాటల నంబర్లు, శ్రుతితో సహా డైరీలో రాసుకుంటారు. ప్రింట్ చేసిన పాటల పుస్తకాలు ఎవరెవరి ఇళ్లలోనో ఉంటాయి. అందుకే నా ఓటు 00001 నుంచి వరుస నంబరుకే. ముందు సున్నాలు ఎందుకంటే, నంబరును టెక్స్ట్‌గా దాచే సాఫ్ట్‌వేర్‌లో 2 కంటే 10 ముందొస్తుంది. తీసేసిన పాట నంబరు ఇంకో పాటకు ఇవ్వొద్దు, ఖాళీగానే ఉండనివ్వండి. సినిమా, సంవత్సరం, గాయకులు, శ్రుతి, పాత నంబరు అన్నీ వేరే కాలమ్‌లలో పెట్టండి. సంవత్సరం తప్పనిసరి: ‘తొలిప్రేమ’ 1998లో ఒకటి, 2018లో ఒకటి వచ్చాయి.

ట్రాకులు అమ్మినవాళ్ల నంబర్లే ఉంచుకోవడం ఒకే చోట కొన్నవాళ్లకు సరిపోతుంది. నంబర్లే లేకుండా సెర్చ్‌తో నెట్టుకురావడం ఇంట్లో పాడుకునేవాళ్లకు చాలు.

ఏ పద్ధతి అయినా, ఎంపీ3తో పాటు సాహిత్యాన్ని తెర మీద చూపే సీడీజీ ఫైలు ఉంటే రెండింటి పేరూ ఒకేలా మార్చాలి, లేకపోతే పాట వస్తుంది కానీ సాహిత్యం కనబడదు. పేర్లు విండోస్ ఫోల్డర్‌లో కాకుండా, వీలుంటే కరోకే సాఫ్ట్‌వేర్‌లోంచే మార్చండి. చాలా సాఫ్ట్‌వేర్లు ఫైలు దారిని (ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో ఉందో) బట్టే పాటను గుర్తుపడతాయి. బయట మారిస్తే అది కొత్త పాటైపోయి, ఎవరు ఏ శ్రుతిలో పాడారన్న పాత సెట్టింగులు పోతాయి.