స్ట్రైపర్ రూలు మారుస్తారట: మెయిల్ రాయాలా, మీటింగ్‌కి వెళ్లాలా?

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి శాండీ హుక్ తీరానికి గంటలోపు ప్రయాణం. వసంతంలో అక్కడి రారిటన్ బేలోకి స్ట్రైపర్లు (స్ట్రైప్డ్ బాస్ చేపలు) దిగాయని కబురు వస్తే చాలు, శనివారం తెల్లారకముందే రాడ్లు కారెక్కుతాయి. ఇంటికి తీసుకెళ్లగలిగేది 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న చేప, రోజుకి ఒక్కటే. 32 అంగుళాలది పడితే ఫొటో తీసుకుని నీళ్లలోకి వదిలేయాలి. ఆ రూలును తిట్టని మనిషిని నేనింకా చూడలేదు. రూలు మార్చే ముందు అడిగారు కదా, ఏం చెప్పావంటే మాత్రం అందరూ ఎరబుట్ట వైపు చూస్తారు. మొదటి రెండుసార్లు నేనూ అంతే.

అలా అడిగేది, ఈ రూళ్లు పెట్టేది అట్లాంటిక్ స్టేట్స్ మెరైన్ ఫిషరీస్ కమిషన్. 1942 నుంచి ఉంది, తూర్పు తీరంలోని 15 రాష్ట్రాలది. 1980లలో ఈ చేప ఎంతగా తగ్గిందంటే, మేరీల్యాండ్ 1985లో వేటను పూర్తిగా ఆపేసి అయిదేళ్ల దాకా తెరవలేదు. 1995లో కోలుకుందన్నారు. 2019కల్లా మళ్లీ ప్రమాదంలో పడిందని తేలింది. 2029లోపు నిలబెట్టాలన్నది ఇప్పటి గడువు. అందుకే ఏడాది రెండేళ్లకోసారి కొత్త ముసాయిదా వస్తోంది, దాని మీద మన మాట అడుగుతున్నారు. మన ఊళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం అని జీవో వస్తే వచ్చినట్టే. ఇక్కడ అడుగుతారు కాబట్టి, ఎలా చెబితే పని జరుగుతుందన్నది ఆలోచించాల్సిన విషయం.

అన్నిటికన్నా తేలికైంది, ఏదో ఒక సంఘం తయారుచేసి పంపిన ఉత్తరం కింద పేరు పెట్టడం. అర నిమిషం పని. కాకపోతే ఒకే మాటలతో వచ్చిన ఉత్తరాలను కమిషన్ సిబ్బంది విడిగా ఒక కట్టగా లెక్కేస్తారు. వేయి మంది పంపినా, కమిషన్‌లో ఈ చేప రూళ్లు తేల్చే బోర్డు ముందు కనిపించేది ఒక ఉత్తరం, పక్కన ఒక అంకె. అసలేమీ చేయకపోవడం కన్నా నయమే, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

సొంతంగా రాసే మెయిల్ సంగతి వేరు. నాలుగు వాక్యాలున్నా అది మన పేరు మీద రికార్డులోకి ఎక్కుతుంది. అయితే "చేపల్ని కాపాడండి" అని రాస్తే ముసాయిదాలోని ఏ ఆప్షన్ కింద వేయాలో వాళ్లకీ తెలియదు. 2025లో వచ్చిన మూడో అడెండం (రూళ్లకు చేర్చే మార్పు) ముసాయిదానే తీసుకోండి. చేపల మరణాలు 12 శాతం తగ్గించాలంటే కొన్ని నెలలు సీజన్ మూయాలన్నది ప్రతిపాదన. ఏ నెలలు? మనకు చేప వసంతంలోనూ, మళ్లీ చలి మొదలయ్యాకా వస్తుంది. మసాచుసెట్స్ వాళ్లకు ఎండాకాలమే పండగ. ఒకరికి నొప్పి తెలియని మూత ఇంకొకరికి సీజన్ మొత్తం పోవడమే. పైగా మూయడంలోనూ రెండు రకాలు: ఇంటికి తీసుకెళ్లకూడదనేది ఒకటి, అసలు దానికోసం గాలమే వేయకూడదనేది ఇంకొకటి.

రెండోది ఎందుకొచ్చిందంటే, వదిలేసిన చేపల్లో 9 శాతం చస్తాయని లెక్కకడతారు. మనం వదిలేసేవే ఎక్కువ కనుక, కొన్ని సంవత్సరాల్లో మొత్తం మరణాల్లో దాదాపు సగం వాటివే. పట్టి వదిలేవాళ్లకు ఇది మింగుడుపడదు, నాకూ పడలేదు. కానీ ఏ నెలలో, ఒడ్డు నుంచా బోటు నుంచా, ఎన్ని పడితే ఎన్ని వదిలారు, నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు చేప ఎలా ఉంది అని రాయగలిగేది కూడా వాళ్లే.

ఇక హియరింగ్, అంటే జనం మాట వినే సభ. ముసాయిదా మీద ఆయా రాష్ట్రాల్లో పెడతారు, ఆన్‌లైన్‌లో కూడా ఉంటాయి. దీని బలం తెలియాలంటే ఓటు ఎలా వేస్తారో తెలియాలి. బోర్డులో రాష్ట్రానికి ఒకటే ఓటు. దాన్ని తేల్చేది ముగ్గురు: రాష్ట్ర మత్స్యశాఖ అధికారి, ఒక శాసనసభ్యుడు, గవర్నర్ నియమించిన ఒకరు. మెయిల్ పెద్ద గుట్టలో కలిసి అందరి దగ్గరకూ పోతుంది. మన రాష్ట్రం హియరింగ్‌లో ఆ ముగ్గురిలో ఎవరైనా ఎదురుగా కూర్చుని వినే అవకాశం ఉంది. డబ్బు తీసుకుని జనాన్ని వేటకు తీసుకెళ్లే చార్టర్ బోటు కెప్టెన్లకు ఈ సంగతి బాగా తెలుసు, జట్టుగా వస్తారు. వాళ్ల తిండి దీనిమీదే కాబట్టి తప్పుపట్టను. కానీ ఒడ్డున నిలబడి గాలం వేసే మనబోటివాళ్లు ఆ గదిలో లేకపోతే మనం లేనట్టే లెక్క. నష్టమేంటంటే, వారం మధ్యలో సాయంత్రం మొత్తం పోతుంది, మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. యాస గురించిన టెన్షన్ మొదటి నిమిషంలోనే పోతుంది, అక్కడ అందరికీ కావలసింది చేప సంగతే.

కమిషన్ సలహా ప్యానెల్‌లో చేరడం కూడా ఉంది గానీ, ఏళ్ల తరబడి ఓపిక ఉన్నవాళ్లకే.

"ఇంతా చేస్తే వింటారా?" అంటే, 2025 అక్టోబరులో బోర్డు ఆ 12 శాతం కోత పెట్టలేదు, కోత కావాలని రాసినవాళ్లు ఉసూరుమన్నారు. 2023 మేలో 31 అంగుళాల రూలును ముందు అత్యవసరంగా పెట్టేసి, తరువాత హియరింగ్‌లు పెట్టారు. కానీ 2021లో, చేపల సంఖ్యకు పెట్టుకున్న లక్ష్యాన్నే మార్చాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు వద్దని జనం గట్టిగా చెప్పారు. తరువాతి ముసాయిదాలో ఆ అంశమే లేదు. తేడా నాకు కనిపించినంతవరకు సమయంలో ఉంది. ఆప్షన్లు ఖరారు కాకముందు, ఏమేం చేర్చాలి అని అడిగే తొలి దశలో మాటకు బరువు ఎక్కువ. చివర్లో మిగిలేది ఏ లేదా బీ.

అందుకని నా వరుస ఇది: తొలి దశలో సొంత మెయిల్ తప్పనిసరి, దాని కాపీ మన రాష్ట్రం ముగ్గురికీ. ఏ నెలలు మూయాలన్న గొడవ వచ్చినప్పుడు మాత్రం హియరింగ్‌కి వెళ్లాల్సిందే, కుదరకపోతే ఆన్‌లైన్‌లోనైనా. తయారు ఉత్తరం పంపే మూడ్‌లో ఉంటే, పైన మీ సొంత మాటలు రెండు వాక్యాలు కలిపి పంపండి, అప్పుడది కట్టలోంచి బయటికొస్తుంది.