అటక మీది ఫిడేలు దించాక: ఏది మేలు?

పదో తరగతితోనో, ఉద్యోగంతోనో, పెళ్లితోనో ఆగిపోయిన ఫిడేలు సాధకాన్ని నలభై ఏళ్లప్పుడు మళ్లీ మొదలుపెట్టేవారికి మొదటి వారంలోనే ఓ చిక్కు ఎదురవుతుంది. చెవి ఎక్కడికీ పోలేదు, పైగా ఇన్నేళ్లూ కచేరీలూ రికార్డులూ విని బాగా ముదిరింది. చెయ్యి మాత్రం వదిలేసిన చోటికి ఇంకా రెండు మెట్లు కిందే ఉంది. తాను వేసిన గాంధారం తానే వినలేక పెట్టె మూసేసేది ఇక్కడే. కింద పోల్చినవాటిలో ఏది మేలని చెప్పినా చూసింది ఒక్కటే: చెవి విసుగెత్తిపోకుండా చేతికి ఎక్కువ టైము దొరికేది ఏ దారిలో?

పాత ఫిడేలా, కొత్తదా?

ముందు టేపు తీసి వెనక పలకను కొలవండి. మెడ దగ్గరుండే చిన్న బొడిపెను లెక్కలోకి తీసుకోకండి. పద్నాలుగు అంగుళాలుంటే ఫుల్ సైజు. పదమూడు చిల్లర వస్తే అది చిన్నప్పుడు కొనిపెట్టిన ముప్పావు సైజు. దాన్ని బాగు చేయించడం దండగ. పెద్దవాళ్ల వేళ్లు దాని మీద ఇరుకుగా పడతాయి, ఎప్పుడో ఒకప్పుడు ఫుల్ సైజుకు మారిన రోజున స్వరస్థానాలన్నీ మళ్లీ వెతుక్కోవాలి.

ఫుల్ సైజే అయితే పాతదే మేలు, కానీ మూడు పరీక్షలు నెగ్గాలి. మెల్లగా ఊపినప్పుడు లోపల పుల్ల దొర్లిన చప్పుడు వస్తే సౌండ్ పోస్ట్ పడిపోయిందన్నమాట. తీగలను మోసే బ్రిడ్జికి, మొదటి తీగ వైపు కాలి కింద, లోపలి నుంచి ఆసరా అదే. అది నిలబెట్టకుండా తీగలు బిగిస్తే పై పలక కుంగి చీలుతుంది. రెండోది, అంచుల వెంట వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లాలి. ఎక్కడైనా చప్పుడు పగిలినట్టు వస్తే అక్కడ అతుకు విడింది. ఇందులో గాబరా పడాల్సింది లేదు. ఫిడేలుకు వాడే జంతువుల బంక, ఎండకు కర్ర బిగిసినప్పుడు తానే విడిపోయి పలకను కాపాడుతుంది. తెలిసిన పనివాడికి చిన్న పని. ఇంట్లో ఉన్న తెల్ల బంక మాత్రం రాయొద్దు, అది విడవదు కాబట్టి ఈసారి కర్రే పగులుతుంది. మూడోది తీగలు బిగించే బిరడాల పెట్టె. బిరడా దూరే రంధ్రం దగ్గర చీలిక కనిపిస్తే అక్కడితో పాత ఫిడేలు ఆశ వదిలేయొచ్చు, దాని మరమ్మతు ఖర్చుతో మామూలు కొత్తది వస్తుంది.

కొత్తది కొనాల్సి వస్తే ఐదారు వేల రకాన్ని పెట్టెలోంచి తీసి నేరుగా వాయించబోకండి. బ్రిడ్జి చెక్కకుండానే పెట్టి అమ్ముతారు. తీగలు ఎత్తుగా ఉండి వేళ్లు కోసుకుపోతుంటే తప్పు తనదే అనుకుంటారు పాపం. డబ్బులో కొంత బ్రిడ్జి చెక్కించే సెటప్‌కు పక్కన పెట్టుకోవాలి.

పాత కమాను సంగతి వేరు, దాన్ని నమ్మొద్దు. మూసిన పెట్టెలో పురుగు గుర్రపు వెంట్రుకలను కొరికేస్తుంది. బిగించి వదిలేసి ఉంటే కర్ర కూడా పక్కకు వంగిపోతుంది. పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే వంపు తెలుస్తుంది. వంపు లేకపోతే వెంట్రుకలు మార్పించండి, ఉంటే కొత్త కమానే.

ఐదు శ్రుతా, రెండున్నరా?

శ్రుతి అంటే షడ్జం ఎంత ఎత్తున పెట్టుకుంటామన్నది, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. చిన్నప్పుడు గురువుగారి గొంతును బట్టి శ్రుతి పెట్టుకున్నవాళ్లు ఇప్పుడూ అదే పెట్టేస్తారు. ఒక లెక్క చూడండి. ఫిడేలు తీగల సెట్లు పాశ్చాత్య పద్ధతికి తయారవుతాయి. ఐదు శ్రుతిలో స-ప-స-ప కట్టినప్పుడు కింది రెండు తీగలు వాటి అసలు స్థాయిలోనే ఉంటాయి, పై రెండూ ఒక స్వరం దిగుతాయి. బిగువు అయిదో వంతు తగ్గుతుంది, అంతే. రెండున్నరకు దించితే పై రెండు తీగలూ ఆరు అర్ధస్వరాలు కిందికి వస్తాయి. బిగువు సగానికి పడిపోతుంది. వదులు తీగ మీద గమకం హాయిగా పలుకుతుంది, నిజమే. కానీ వేలు కాస్త గట్టిగా నొక్కినా స్వరం పైకి జారుతుంది, కమాను కాస్త బరువైనా గీరుతుంది. పట్టు తప్పిన చేతికి ఈ రెండు అలవాట్లూ ఉంటాయి.

అలాగని ఐదులో మొదలుపెడితే కాయలు కాయని వేళ్ల కొసలు వారంలో ఎర్రబడతాయి. ఒంటరిగా సాధకం చేసేవారికి మొదటి మూడు నెలలు నాలుగు శ్రుతి కుదురుతుంది. తర్వాత కావాలంటే కిందికి రావొచ్చు, అప్పుడు దుకాణంలో కాస్త మందమైన తీగలు అడగాలి. స్టీలు తీగలా, సింథటిక్ తీగలా అంటే ఇప్పటికి స్టీలే. సింథటిక్‌వి సాగి కుదురుకోవడానికి రోజులు పడతాయి, ఉన్న కాస్త సమయమూ బిరడాలు తిప్పడానికే సరిపోతుంది. మార్చేటప్పుడు ఒక్కో తీగే మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జితో పాటు సౌండ్ పోస్టూ పడొచ్చు.

సరళీ వరుసలా, వర్ణమా?

ఇక్కడే అందరూ తడబడతారు. ఒక పక్క అంతా మొదటి నుంచి అనే పట్టుదల. మాయామాళవగౌళ రాగం, పద్నాలుగు సరళీ వరుసలు, జంటలు, దాట్లు, ఏడు అలంకారాలు. ఇంకో పక్క, అప్పట్లో గీతాల తర్వాత నేర్పే వర్ణం దాకా వచ్చిందిగా, అక్కడి నుంచే అందుకుందామనే ఆశ.

చేతి వైపు నుంచి చూస్తే ఈ రెంటికీ తేడా సెంటీమీటర్లలో ఉంది. ఫుల్ సైజు ఫిడేలు మీద పలికే తీగ సుమారు 32.5 సెంటీమీటర్లు. మాయామాళవగౌళలోని శుద్ధ రిషభం తీగ మొదలు నుంచి రెండు సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. చూపుడు వేలిని వెనక్కి మడిచి అక్కడ పెట్టాలి. ఏళ్లు గడిచిన చేతికి కష్టమైన పని ఇదే, వేలు తెలియకుండా ముందుకు పాకి రిషభం పెరుగుతుంది. మోహనంలోని చతుశ్రుతి రిషభం మూడున్నర సెంటీమీటర్లు దాటాక ఉంటుంది. చెయ్యి తనంతట తాను వాలే చోటు అది. మధ్యమం లేదు, నిషాదం లేదు. రెండో తీగ మీద ఖాళీ తీగ, చూపుడు వేలు, నడిమి వేలు. మొదటి తీగ మీద ఖాళీ తీగ, చూపుడు వేలు, ఉంగరపు వేలు. మధ్యస్థాయి అంతా ఇంతే.

అందుకని అంతా మొదటి నుంచి అనే దారి మేలు కాదు. మాయామాళవగౌళ విలువ తక్కువై కాదు. పద్నాలుగు వరుసలూ మూడు కాలాల్లో లాక్కొచ్చేలోపు పెద్దవాళ్ల ఓపిక చచ్చిపోతుంది. సరళీ వరుసల్లో మొదటిదీ, చివరిదీ చాలు. సమయమంతా ఒక్కో స్వరం రెండుసార్లు వచ్చే జంట వరుసలకు ఇవ్వాలి. జంటలో రెండో స్వరాన్ని కింది స్వరం అంటీ అంటకుండా తాకి కొట్టాలి కదా, ఆ చిన్న విదిలింపు వస్తే వేలి కణుపుల బిగుసుదనం పోయినట్టు. రాకపోతే బొటనవేలు మెడను పిసుకుతోందని అర్థం. బొటనవేలు తీసేసి వాయించి చూడండి. ఫిడేలు తల చివరి చుట్ట (స్క్రోల్) పాదం మీద ఆనే మన పద్ధతిలో ఫిడేలు పడిపోదు.

వర్ణం కూడా అదే రోజు మొదలుపెట్టాలి, కానీ పల్లవి వరకే. మోహనంలో నిన్నుకోరి దాదాపు అందరికీ వచ్చిన వర్ణమే. గాంధారం మీద ఎత్తుకుంటుంది కాబట్టి నడిమి వేలు చోటు తెలిసిపోతే పని మొదలవుతుంది. తారస్థాయి రిషభ గాంధారాల కోసం చెయ్యి పైకి జారాల్సిన చరణం స్వరాలు రెండు నెలలు ఆగొచ్చు. మొదటి కాలంలోనే, స్వరానికి ఒక కమాను. జ్ఞాపకం ఉన్న వేగంతో వాయిస్తే పాత తప్పులు కూడా జ్ఞాపకం వస్తాయి.

ట్యూనరా, తంబూరానా?

ట్యూనర్ యాప్‌లో పచ్చ గీత చూస్తూ వరుసలు వాయించడం ఇప్పుడు చాలామందికి అలవాటు. తీగలు కట్టడానికి అది బంగారం. సాధకానికి మాత్రం ఒద్దు. పియానోలా సమానంగా కోసిన అర్ధస్వరాలు దాని కొలత. ఆ కొలతలో అంతర గాంధారం తీగ మొదలు నుంచి 6.7 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. తంబూరా మంద్ర (కింది స్థాయి) షడ్జం మోగుతుండగా దానిలోంచి తనంతట తాను పలికే గాంధారానికి వేలు 6.5 దగ్గర ఉండాలి. రెండు మిల్లీమీటర్లు అంటే బియ్యపు గింజ మందం. ముదిరిన చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. పచ్చ గీత వచ్చినా వినడానికి బాగోలేదేమిటి అని తికమకపడేది అందుకే.

తంబూరా యాప్ పెట్టి ఖాళీ షడ్జం తీగ లాగండి. తర్వాత గాంధారం వేసి వేలిని వెంట్రుక వాసి వెనక్కి దొర్లించండి. ఒకచోట రెంటి మధ్య గరగర ఆగిపోయి ఫిడేలు పెట్టె గొంతు పెద్దదవుతుంది. చోటు అదే. ఫోను స్పీకరులో మంద్రం వినబడదు కాబట్టి బయటి స్పీకరు పెట్టుకోవాలి.

వేళ్ల పలక మీద స్టిక్కర్లు అంటించడం గురించి కూడా ఒక మాట. పాశ్చాత్య పద్ధతిలో పిల్లలకు పనికొస్తాయేమో, మనం వేలెత్తకుండా జారు వేస్తాం. వేలు స్టిక్కరు అంచుకు తగిలి ఆగుతుంది, రెండు రోజుల్లో అంచు లేచి జిగురు తీగకు పట్టుకుంటుంది. జారడానికి వేళ్లకు కొబ్బరి నూనె రాసుకునేవాళ్లు ఎడమచేతి వేళ్ల కొసలకే, చుక్కలో సగం రాసుకోవాలి. అదే చేత్తో కమాను వెంట్రుకలు ముట్టుకుంటే అంతే సంగతులు, రోజిన్ ఎంత రుద్దినా అక్కడ తీగను పట్టదు.

రోజూ కాసేపా, ఆదివారం మూడు గంటలా?

ఇందులో పోటీ లేదు, రోజూ ఇరవై అయిదు నిమిషాలే. ఆదివారం మూడు గంటల్లో చివరి రెండూ అలిసిన చేత్తో తప్పుడు అలవాట్లు నేర్చుకోవడమే. సోమవారం మణికట్టు నొప్పి, బుధవారానికి భయం. ఇరవై అయిదులో మూడు నిమిషాలు శ్రుతికి. ఏడు నిమిషాలు ఖాళీ తీగల మీద కమాను, ఎనిమిది లెక్కపెడుతూ కిందికి, ఎనిమిది పైకి, పిడి నుంచి కొస దాకా. ఎనిమిది జంటలకు, ఏడు పల్లవికి. ఈ కమాను లాగుడును జనం ఎగ్గొడతారు. ఫిడేలు గొంతు పాడయ్యేది ఎడమచేత్తో కాదు, ఇక్కడే. ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారి రికార్డు ఏదైనా పెట్టుకుని కుడిచేతినే వినండి, ఆ నాదం ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. కింద కూర్చుని వాయించేటప్పుడు మోచెయ్యి వెనక్కి పోయి కమాను వేళ్ల పలక మీదికి పాకుతుంది. గొంతు పీలగా వినిపిస్తే చూసుకోవాల్సింది అదే.

వేళ్ల కొసలు మండడం మామూలే, నాలుగైదు వారాల్లో కాయ కాస్తుంది. తిమ్మిరి, మణికట్టులో పోటు మామూలు కాదు, ఆ రోజుకు ఆపేయాలి. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్ల భయముంటే రబ్బరు మ్యూట్ పెట్టి జంటలు చేసుకోవచ్చు, కమాను సాధకానికి మాత్రం తీసేయాలి. తప్పులన్నిటినీ అది కప్పేస్తుంది.

నేల మీదా, కుర్చీలోనా?

మోకాళ్లు సహకరిస్తే నేలే. స్క్రోల్ కుడి పాదం మీద ఆనడం వల్లే ఎడమచెయ్యి బరువు మోసే పని నుంచి తప్పించుకుని తీగంతా జారగలుగుతుంది. నడుము వాలిపోతుంటే మడిచిన దుప్పటి మూడు నాలుగు అంగుళాల ఎత్తున వేసుకుంటే సగం బాధ తీరుతుంది. కుర్చీలో భుజం మీద పట్టుకునేవారికి ఫిడేలు బరువు చేతి మీదే పడుతుంది. మధ్య తీగల్లో తెలియదు గానీ పొడుగు జారు కిందికి దిగేటప్పుడు ఫిడేలు కూడా చేత్తో పాటు కదులుతుంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు వేరే దారి లేదు. వాళ్లు మంచి షోల్డర్ రెస్ట్ కొనుక్కుని, పొడుగు జారులను కొన్నాళ్లు రెండు ముక్కలుగా వేసుకోవాలి.

గురువు ఎదురుగానా, ఆన్‌లైన్‌లోనా?

మొదటి రెండు నెలలు ఎదురుగా. కమాను పట్టు, బొటనవేలు, భుజం చేత్తో తాకి సరిచేయాల్సినవి. హైదరాబాద్, విజయవాడ, విజయనగరం లాంటి చోట్ల ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. సర్టిఫికెట్ కోర్సులో చేరితే పాఠం క్రమం తప్పదు, కానీ తరగతి నడక మన చేతి నడకతో కలవకపోవచ్చు. వారానికి ఒక్కసారైనా విడిగా కూర్చోబెట్టి వినే గురువు దొరికితే అదే మేలు.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్నవాళ్లకు ఆన్‌లైనే గతి. ఇక్కడ ఉదయం ఆరున్నర అంటే న్యూజెర్సీలో వేసవిలో రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది, ఇద్దరికీ కుదిరే వేళే. కలిసి వాయించబోకండి, ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి తాళం ఎప్పటికీ కలవదు. ఒకరు వాయించి ఆపాక ఇంకొకరు అందుకోవాలి. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయకపోతే అది తంబూరానూ పొడుగు కమానునూ ఫ్యాను చప్పుడనుకుని నొక్కేస్తుంది. శిష్యుడు షడ్జం నిలబెట్టలేదని గురువుగారు, నిలబెట్టానని శిష్యుడు, అరగంట ఇందులోనే పోతుంది. కెమెరా ముఖానికి కాక ఎడమ పక్క నుంచి, మోకాలి ఎత్తులో పెట్టాలి. బొటనవేలూ, బ్రిడ్జి దగ్గర కమానూ రెండూ ఒకే చట్రంలో కనబడేది అక్కడి నుంచే.