పాత జూకీ డీడీఎల్-5550: గోదావరి జిల్లాల్లో బాగుచేసుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

మోటారుతో నడిచే పాత పవర్ కుట్టుమిషన్ ఒకటి తెచ్చుకుని, విప్పి, కడిగి, మళ్ళీ కుట్టించాలనే సరదా ఉన్నవాళ్ళకి మొదటి మిషన్‌గా జూకీ డీడీఎల్-5550 కన్నా మంచిది దొరకడం కష్టమండి. గార్మెంట్ యూనిట్లు ఏళ్ళ తరబడి వాడిన మోడల్ కావడంతో సామాన్లకి లోటు లేదు. దీని మీద చెయ్యి తిరిగితే ఏ సింగిల్ నీడిల్ మిషన్ విప్పినా కంగారు ఉండదు. షరతు ఒక్కటే, నూనె లేకుండా తిరిగిన మిషన్ కాకూడదు. రంగు పోయినా, బల్ల పుచ్చిపోయినా, మోటారు కాలిపోయినా పర్వాలేదు. నూనె లేకుండా తిరిగి లోపల అరిగిపోయిన హెడ్ (బల్ల మీద కూర్చునే అసలు మిషన్) మాత్రం తెచ్చుకోవద్దు.

ముందు మిషన్ సంగతి. కంపెనీ లెక్క ప్రకారం నిమిషానికి 5,500 కుట్లు దీని గరిష్ఠ వేగం. వాడేది డీబీ×1 సూది, అంటే గుండ్రటి కాడ ఉన్నది. పెట్టె మీద 16×231 అని కూడా ఉంటుంది, రెండూ ఒకటే. ఇంటి మిషన్ల చదును కాడ సూది దీనికి సరిపడదు. బట్టని నొక్కి పట్టే పాదం, మోకాలితో మీట నెడితే 13 మి.మీ. దాకా లేస్తుంది. హెడ్ కింద నూనె తొట్టి, అందులో మునిగి ఉండే పంపు. మిషన్ తిరుగుతుంటే ఆ పంపు నూనెని పైకి తోస్తుంది, అది గొట్టాలు, ఒత్తుల ద్వారా బుష్‌లకీ (షాఫ్ట్‌లు తిరిగే లోహపు గొట్టాలు), హుక్‌కీ (సూది కింద తిరుగుతూ దారాన్ని అందుకునే భాగం) చేరుతుంది. సింగర్ 31కే లాంటి పాత వాటికి రోజూ నూనెడబ్బా పట్టుకుని చిల్లు చిల్లుకీ చుక్క వెయ్యాలి. దీనికి ఆ పని లేదు కాబట్టే చాలామంది నూనె సంగతే మర్చిపోతారు, అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కొనేముందు బెల్టు తీసేసి చూడాలి. బెల్టు ఉండగా చక్రం తిప్పితే మోటారు బరువు కూడా కలిసి ఏదీ తెలియదు. బెల్టు తీశాక చక్రాన్ని వేలితో మీవైపుకి తిప్పండి. ఒక చుట్టంతా ఒకే బరువుతో తిరగాలి. ఒక్కచోటే పట్టినట్టుంటే హుక్‌లో దారం చిక్కుకుని ఉండొచ్చు, అది మామూలే. చుట్టు పొడుగునా బిగుతుగా ఉంటే బుష్ పట్టేసిందనో, నూనె బంకలా గడ్డకట్టిందనో అర్థం. తేడా తెలియాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో ఆ భాగాన్ని వెచ్చబెట్టి మళ్ళీ తిప్పండి. బంక అయితే వదులవుతుంది. బుష్ గీసుకుపోయి ఉంటే ఎంత వేడి చేసినా అంతే.

తర్వాత సూది బార్‌ని, అంటే సూదిని పట్టుకునే నిలువు కడ్డీని, ముందుకీ వెనక్కీ కదిపి చూడాలి. చేతికి తెలిసేంత ఆట ఉంటే కింది బుష్ అరిగినట్టు, అక్కడి నుంచి నూనె బట్ట మీదికి కారుతుంది. హెడ్ వెనక్కి వాల్చి హుక్ షాఫ్ట్‌ని పక్కలకి లాగండి. టక్కుమని కదలకూడదు. ఒక చేత్తో హుక్‌ని పట్టుకుని, రెండో చేత్తో చక్రాన్ని కొంచెం అటూ ఇటూ ఆడించండి. పై షాఫ్ట్‌కీ కింది షాఫ్ట్‌కీ మధ్య ఉన్న గేర్లు అరిగితే చక్రం కాస్త తిరిగాక గానీ హుక్‌లో ఒత్తిడి తెలియదు. హుక్ ముక్కుని గోటితో తడిమితే గరుకు తెలుస్తుంది. హుక్ మార్చుకోవచ్చు, దాని గురించి బేరం తగ్గించుకుంటే చాలు. గేర్లు, షాఫ్ట్ బుష్‌లు పోయినవి మాత్రం సరదాకి చేసే పని కాదు, వదిలేయండి. పేరు రేకు ఒక్కటీ మెరుస్తూ మిగతా ఒళ్ళంతా గీతలున్న హెడ్‌ని కూడా అనుమానించాల్సిందే. సీరియల్ నంబరు రేకుని, దాని రివెట్లని దగ్గరగా చూసుకోండి.

మన జిల్లాల్లో దొరికే మిషన్లకి రెండు ప్రత్యేక జబ్బులున్నాయి. మొదటిది కొబ్బరినూనె. కోనసీమలో ఇంట్లో ఎప్పుడూ ఉండేది అదే కదా, కిర్రుమంటే నాలుగు చుక్కలు వేసేస్తారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. ధనుర్మాసం పొద్దున్నే మిషన్ తిరగనని మొరాయించి, మధ్యాహ్నానికి మామూలైపోతే ఇదే కారణం. ఏళ్ళ మీద అది పసుపుపచ్చ జిగురుగా మారి ఒత్తుల్ని మూసేస్తుంది. ఒత్తి మూసుకుపోయాక తొట్టిలో ఎంత మంచి నూనె పోసినా బుష్‌కి చేరదు. పైనున్న గాజు కిటికీలో నూనె చిమ్ముతూ కనిపిస్తూనే ఉంటుంది, లోపల బుష్ మాత్రం ఎండిపోతుంటుంది. కిటికీ చూసి ధైర్యపడకూడదు.

రెండోది వరద. 2022 జూలై వరదలాంటిది వచ్చినప్పుడు లంక గ్రామాల్లో మోటార్లు ముందు పోతాయి, హెడ్‌లు తుడిచి ఆరబెట్టేస్తారు. గోదావరి ఒండ్రు చాలా మెత్తన. బుష్‌కీ షాఫ్ట్‌కీ మధ్య సందులో చేరి, నూనెతో కలిసి, సానరాయిలా అరగదీస్తుంది. వరద నీళ్ళు తాగిన హెడ్‌ని గుర్తు పట్టాలంటే తొట్టి అడుగున, పంపు జల్లెడ దగ్గర వేలు పెట్టి చూడండి. నూనె అడుగున మట్టి రంగు పేస్టు తగిలితే దాన్ని తిప్పకుండా విప్పాలి. తిప్పి చూద్దాం అన్నారంటే బుష్‌లు మీ చేతుల్లోనే పోతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇంకో తంటా ఉంది. సూది బార్ మీద, పాదం బార్ మీద తుప్పు గుంటలు పడతాయి. ఆ బార్‌ని గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వేస్తే గుంటల అంచులు బుష్‌ని కోసేస్తాయి. బార్ మార్చడమే దారి, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

కడగడానికి కిరోసిన్, దొరక్కపోతే డీజిల్. పెట్రోలు వద్దు. రబ్బరు సీళ్ళు ఉబ్బుతాయి, నిప్పు భయం సరేసరి. తొట్టిలో పాత నూనె మొత్తం తీసి, అడుగు తుడిచి, తొట్టిని హెడ్‌కి దూరంగా కడగండి. ఫేస్ ప్లేట్ (సూది వైపు పక్క మూత), సూది ప్లేటు, బట్టని జరిపే పళ్ళు, హుక్, పంపు మూత, జల్లెడ విప్పాలి. ఒత్తుల్ని కిరోసిన్‌లో ముంచి పిండి, బాగా ఆరాక కొత్త నూనెలో నానబెట్టి పెట్టాలి. గట్టిపడిన ఒత్తిని దాచుకోవాలన్న మోహం వద్దు, కొత్తది వెయ్యండి. బుష్‌లున్న చోట కిరోసిన్ చుక్కలు వేస్తూ చక్రం చేత్తో తిప్పుతుంటే నల్లటి రసం కారుతుంది. అది తెల్లబడేదాకా ఓపిగ్గా తిప్పడమే. ఆ తర్వాత ప్రతి బుష్‌లో చేత్తోనే కొత్త నూనె వెయ్యండి. కిరోసిన్‌తో కడిగి నూనె వెయ్యకుండా మోటారు వేస్తే పది నిమిషాల్లో బుష్ పట్టేస్తుంది.

స్క్రూల దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఈ మిషన్ స్క్రూలు మెట్రిక్ కావు. 11/64 అంగుళం, అంగుళానికి 40 మరలు, అలాంటి కొలతలు. హార్డ్‌వేర్ షాపులో దొరికే నాలుగు మి.మీ. స్క్రూ అందులో వదులుగా పోతుంది, అయిదు మి.మీ.ది బలవంతంగా ఎక్కి మరని చంపేస్తుంది. విప్పిన ప్రతి స్క్రూని దాని చిల్లు పేరు రాసిన కాగితంలో చుట్టి పెట్టండి. ఎక్కడిదో తెలియని స్క్రూ మిగిలితే దుకాణంలో కుట్టుమిషన్ స్క్రూ అని అడిగి తెచ్చుకోవాలి. బిగుసుకున్నదాన్ని విప్పేముందు స్క్రూడ్రైవర్ మొన గాడికి సరిగ్గా నిండిందో లేదో చూడండి, గాడి చెడితే పూట పోతుంది.

నూనె విషయంలో ఖర్చుకి వెనకాడొద్దు. జూకీ చెప్పేది న్యూ డిఫ్రిక్స్ ఆయిల్ నంబర్ 1. అది ఐఎస్ఓ వీజీ 7 చిక్కదనం ఉన్న పల్చటి తెల్ల నూనెకి సమానం. లీటరు డబ్బా తెచ్చుకుని తొట్టిలో హై గీత దాకా పోయండి, లో గీత దాటి కిందికి వస్తే మళ్ళీ నింపండి. ఇంజిన్ ఆయిల్ పోస్తే చిక్కదనానికి మిషన్ బరువెక్కుతుంది, బట్ట మరకలు పోవు.

బిగింపులో అన్నిటికన్నా ఓపిక అడిగేది హుక్ టైమింగ్, అంటే హుక్ ముక్కు సరైన క్షణంలో సూది దగ్గరికి వచ్చేలా సరిపెట్టడం. సూది బార్‌ని బాగా కిందికి దించి, డీబీ సూదికి గీసిన గీతల జతలో పైగీతని కింది బుష్ అంచుకి సరిపెట్టి బార్ బిగించాలి. తర్వాత చక్రం తిప్పుతూ బార్ పైకి లేస్తుండగా ఆ జతలో కిందిగీత అదే అంచుకి రావాలి. సరిగ్గా అప్పుడు హుక్ ముక్కు సూది మధ్యలోకి రావాలి. హుక్ మూడు స్క్రూలు వదులు చేసి జరుపుకోండి. ముక్కుకీ సూదికీ మధ్య సందు 0.04 నుంచి 0.1 మి.మీ. ఇంతకన్నా దగ్గరైతే ముక్కు సూదిని గీకి మొద్దుబారుతుంది, దూరమైతే కుట్లు తప్పుతాయి, ముఖ్యంగా పాలిస్టర్ మీద. సూది నంబరు మార్చినప్పుడల్లా ఈ సందు మారుతుంది. 11 నంబరు సూదితో సరిపెట్టి 18 వేస్తే రాసుకుంటుంది. సూది గాడి ఎడమవైపుకి ఉండాలి. సగం మంది టైమింగ్ పోయిందని తెచ్చే మిషన్లలో సూది తిప్పి పెట్టడం తప్ప ఇంకే రోగమూ ఉండదు.

హుక్ అరిగితే కొత్తది కొనేటప్పుడు చిల్లు కొలత 7.94 మి.మీ. అని చెప్పి తీసుకోండి. హిరోసే, కోబాన్ రకాలు మన్నుతాయి. ఊరూపేరూ లేని చవక హుక్‌లు మెత్తటి ఉక్కు, దారం గీతలు త్వరగా పడతాయి. పళ్ళు సూది ప్లేటు మీదికి 0.8 మి.మీ. చుట్టుపక్కల లేస్తే మామూలు బట్టలకి చాలు. పలుచటి వాటికి తగ్గించకపోతే బట్ట ముడతలు పడుతుంది.

అన్నీ బిగించాక హుక్‌కి నూనె అందుతోందో లేదో తేల్చుకోవాలి. దారం లేకుండా మూడు నిమిషాలు తిప్పండి. 25 మి.మీ. వెడల్పు, 70 మి.మీ. పొడుగు ఉన్న కాగితం ముక్కని హుక్‌కి తగలకుండా, దాని కింద దగ్గరగా అయిదు సెకన్లు పట్టుకోండి. సన్నటి నూనె గీత పడితే సరి. చుక్కలు చుక్కలుగా తడిస్తే బట్ట పాడవుతుంది, ఏమీ పడకపోతే హుక్ పోతుంది. హుక్ షాఫ్ట్ ముందు బుష్ దగ్గరున్న స్క్రూతో ఎక్కువ తక్కువలు చేసుకోవచ్చు. చాలాకాలం మూలనపడ్డ మిషన్‌ని మొదట పది నిమిషాలు 3,000 నుంచి 3,500 కుట్ల వేగంతో నడిపించమని కంపెనీ సూచన. అది పాటించండి.

ఇక మోటారు. పాత మిషన్లతో వచ్చే క్లచ్ మోటారు స్విచ్ వేసిన దగ్గర్నుంచి నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతూనే ఉంటుంది, కుట్టినా కుట్టకపోయినా. ఇంట్లో పెట్టుకుంటే ఆ హోరు భరించలేం. వేగం లెక్క తేలిక: 2,850ని మోటారు పుల్లీ వ్యాసంతో గుణించి, మిషన్ పుల్లీ వ్యాసంతో భాగించడమే. మిషన్ పుల్లీ 75 మి.మీ. అనుకుంటే 60 మి.మీ. మోటారు పుల్లీతో 2,280 కుట్లు, 80తో 3,040. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు దిగాలి. అంతకన్నా బిగిస్తే వెనక బుష్ అరుగుతుంది.

సరదాకి కుట్టేవాళ్ళు 550 వాట్ల సర్వో మోటారు వేసుకోవడమే మేలు. తొక్కినప్పుడే తిరుగుతుంది, వేగానికి పైహద్దు పెట్టుకోవచ్చు. రెండు లోపాలున్నాయి. చవక సర్వోలకి తక్కువ వేగంలో బలం ఉండదు, నాలుగు మడతల అంచు దగ్గర సూది ఆగిపోతుంది. చిన్న పుల్లీ వేస్తే కొంత కుదుటపడుతుంది. రెండోది మళ్ళీ నూనె గొడవే. పంపు నడిచేది మిషన్ షాఫ్ట్‌తో కాబట్టి, ఎప్పుడూ వెయ్యి కుట్ల వేగంలో పాకించుకుంటూ కుడితే పైకి నూనె సరిగా ఎక్కదు. కూర్చోగానే పాదం ఎత్తి, దారం తీసి, రెండు మూడు నిమిషాలు 3,000 దగ్గర పరిగెత్తించి అప్పుడు పని మొదలుపెట్టండి. సాయంత్రం పూట వోల్టేజి పడిపోయే ఊళ్ళలో సర్వో పెట్టె ఎర్రర్ చూపించి ఆగుతుంది, స్టెబిలైజర్ తప్పదు. వానాకాలం చెమ్మకి ఇనుప స్టాండు షాకు కొట్టే అవకాశం ఉంది గనక ఎర్త్ ఉన్న ప్లగ్గులోనే పెట్టండి.

బల్ల గురించి రెండు ముక్కలు. చెమ్మకి ఉబ్బిన ప్లైవుడ్‌లో హెడ్ ఒక మూల లేచి ఊగుతుంది, ఎంత బాగుచేసినా మిషన్ గోల చేస్తుంది. కొత్త బల్ల తీసుకుంటే కోత 476×178 మి.మీ. ఉందో లేదో కొలవండి. రేపు ఇంకో హెడ్ మార్చినా అదే కోతలో కూర్చుంటుంది.

ఏం కుట్టొచ్చు? జాకెట్లు, చొక్కాలు, లుంగీ అంచులు, తలగడ గలీబులు దీనికి ఆటే. నరసాపురం లేసుని బట్ట అంచుకి వేసి కుట్టాలంటే పాదం ఒత్తిడి బాగా తగ్గించి, చిన్న చిల్లున్న సూది ప్లేటు, 9 లేదా 11 నంబరు సూది పెట్టుకోండి. లేకపోతే లేసు కళ్ళు పళ్ళ మధ్య చిక్కి సాగిపోతాయి. జీన్స్ మామూలు 5550తో కుట్టొచ్చు గానీ, అదే ముఖ్యమైన పని అయితే మందం బట్టల కోసం వచ్చిన హెచ్ రకం వెతుక్కోవాలి. చెరువు హాపాలు (చేపపిల్లల్ని ఉంచే వల సంచులు), టార్పాలిన్లు, పడవ కప్పులు దీంతో కుదరవు. పళ్ళు కింది పొరనే లాగుతాయి, పైపొర వెనకబడి అంచులు తేడా వస్తాయి. ఆ పనికి పాదం కూడా నడిచే వాకింగ్ ఫుట్ మిషన్ వేరే ఉంది, దాని సూదులు, హుక్, సెట్టింగులు అన్నీ వేరు.