జామ్ ఎవరికి, బెంచీ ఎవరికి: దక్షిణాఫ్రికాలో వారం రోజులు

జోహన్నెస్‌బర్గ్‌లో అపార్థీడ్, అంటే జాతుల్ని చట్టం పెట్టి విడదీసిన పాత పాలన, దాని మ్యూజియంలో టికెట్ కొనగానే మమ్మల్ని విడదీశారు. మా ఆవిడ టికెట్ మీద ‘తెల్లవారు’, నా దాని మీద ‘తెల్లవారు కానివారు’. ఎవరికి ఏది వస్తుందో లెక్కేమీ లేదు, గేటు మాత్రం దాన్నిబట్టే. లోపల ఇనుప చువ్వల వెంట పాత గుర్తింపు కార్డులు. 1950లో జనాభా నమోదు చట్టం ప్రతి మనిషినీ ఒక జాతి కింద రాసేసింది. ఎక్కడ ఉండాలో, ఎవర్ని పెళ్లాడాలో ఆ రాతను బట్టే. మ్యూజియం గొప్పదే కానీ చదవాల్సింది మరీ ఎక్కువ, మూడు గంటలకే తల దిమ్మెక్కింది.

కేప్‌టౌన్‌లో బో-కాప్ అనే పేటలో దిగాం. రంగురంగుల ఇళ్లు ఫొటోల్లో చూసిందే, ఆ ఎత్తు మాత్రం ఫొటోల్లో తెలియలేదు. సూట్‌కేసులు లాగేసరికి ఆయాసం. గెస్ట్‌హౌస్‌లో రెండు రోజులు వేడినీళ్లు లేవు, అడిగితే ‘రేపు’ అనేవారు. కూరల్లో తీపి. ఆవకాయ సీసా ఆదుకుంది. అయినా మళ్లీ అక్కడే దిగుతాను, ఊళ్లో చాలావాటికి నడిచి పోవచ్చు. ఏ జాతి ఎక్కడ ఉండాలో చెప్పిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఈ పేటను కేప్ మలేలకే (ఆసియా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వారసులైన ముస్లింలు) కేటాయించారట.

అదే చట్టం కింద 1966 ఫిబ్రవరి 11న ఇదే ఊళ్లోని డిస్ట్రిక్ట్ సిక్స్ పేటను తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించారు. దాదాపు 60 వేల మందిని వెళ్లగొట్టి ఇళ్లు కూల్చేశారు. పాత మెథడిస్టు చర్చిలో ఉన్న దాని మ్యూజియం చిన్నది, గంటన్నరలో అయిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నేల మీద పేట మ్యాపు పరిచారు. అక్కడ బతికినవాళ్లు తమ ఇల్లున్న చోట పేర్లు రాసుకున్నారు. ఎవరింటి మీద కాలు పడుతుందోనని గోడవారగా నడిచాను. చూపిస్తున్న పెద్దాయన వంగి ఒక మూల వేలు పెట్టి, ‘ఇది మా ఇల్లు’ అని లేచి, మోకాలు దులుపుకున్నారు. బయటికెళ్లి చూస్తే ఆ నేల చాలావరకు ఇప్పటికీ గడ్డే. చర్చిలు, మసీదులు మాత్రం మిగిల్చారు.

కేప్‌టౌన్ ఎదుట సముద్రంలో ఉన్న పాత జైలు, రాబెన్ ద్వీపానికి సగం రోజు పెట్టుకోండి. గాలి ఎక్కువైతే ఫెర్రీ ఆపేస్తారు, మాకు ఒక రోజు అలాగే పోయింది. మండేలా 18 ఏళ్లున్న ఆ జైల్లో ఆయన గది ముందు క్యూ కదలదు. నేను నిలబడిపోయింది తిండి పట్టిక దగ్గర. ‘కలర్డ్’ (మిశ్రమ జాతివాళ్లు), ఆసియా ఖైదీలకు ఒక ఔన్సు జామ్, ఆఫ్రికన్లకు అసలు లేదు. మాంసం మొదటివాళ్లకి ఆరు ఔన్సులు, ఆఫ్రికన్లకి అయిదు. అక్కడుంటే నాకు జామ్ వచ్చేదన్నమాట.

టికెట్ లేనిది ఒకటుంది. కేప్‌టౌన్‌లోనే క్వీన్ విక్టోరియా వీధిలో హైకోర్టు అనుబంధ భవనం ముందు రెండు బెంచీలు, ఒకటి తెల్లవాళ్లకని, ఇంకొకటి కానివాళ్లకని రాసి. 1960ల్లో జాతి వర్గీకరణ మీద అప్పీళ్లు విన్నది ఈ భవనంలోనే. ఆ రోజుల్లో జుట్టులో పెన్సిల్ దోపి, జారిపడుతుందా లేదా అని చూసి కూడా జాతి తేల్చేవారు.

డర్బన్ మిగిలిపోయింది. 1860 నుంచి చెరకు తోటలకు మన తెలుగువాళ్లు కూడా కూలీలుగా వెళ్లిన వైపు అది. ఈసారి టికెట్లు అటునుంచే తీస్తాం.