మూడు డబ్బాలు తీసేశారు

మా ట్యూషన్ పిల్లలకు ఈసారి మామూలు కప్పులు వద్దనుకుని, తిరుపతి బస్టాండు దగ్గర మెమెంటోలు చేసే ఒక షాపులో పది యాక్రిలిక్ షీల్డులు చేయించాను. షాపు పేరు రాయను, చేసిన కుర్రాడు మంచివాడు.

నేను అడిగింది నాలుగు చైనా అక్షరాలు, ఇంచుమించు 'పిన్ ష్వె జ్యెన్ యో' అని పలకాలి. శ్రీసిటీలో పనిచేసే మా తమ్ముడు చెప్పాడు. మార్కులతో పాటు నడవడికా బాగుండే పిల్లల గురించి చైనాలో టీచర్లు రిపోర్టు కార్డుల్లో, సర్టిఫికెట్లలో రాసే మాట. పిన్ అంటే గుణం, ష్వె చదువు, యో మేటి. నాకు బాగా నచ్చింది జ్యెన్, రెండూ కలిపి అని. పాతకాలంలో ఆ అక్షరాన్ని ఒకే చేత్తో రెండు పైరు కంకులు పట్టుకున్నట్టు గీసేవాళ్ళు. మన 'బుద్ధిమంతుడు' దీనికి దగ్గరే గానీ, మా వీధిలో ఆ మాట మార్కులు రాని పిల్లాణ్ణి ఓదార్చడానికే వాడతారు.

ఫైలు వాట్సాప్‌లో పంపాను. సాయంత్రం ఫోన్. "అక్కా, ముందర మూడు డబ్బాలు వస్తా ఉండాయి, ఫాంట్ పడలేదు, తీసేసినా, టెన్షన్ పడొద్దు" అన్నాడు. బస్సులో ఉండి సరిగా వినకుండా సరే అనేశాను, అది నా తప్పే. ఫాంట్ లేకపోతే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి కదా, ఇవీ అలాంటివే అనుకున్నాడు. తీరా చూస్తే ఆ డబ్బాలే మొదటి అక్షరం! నోరు అనే గుర్తు చిన్న చదరం, అది పైన ఒకటి, కింద రెండు వేస్తే పిన్. పది షీల్డుల మీదా చదువు ఉంది, గుణం లేదు. కొన్ని కాలేజీల వాళ్ళయితే అలాగే తీసుకునేవాళ్ళేమో.

ఓనరు మాత్రం "మీరు ఓకే అన్నారు కదా మేడమ్" అని ఒకటే పాట, అరగంట వాదిస్తే సగం ధరకు మళ్ళీ చేస్తానన్నాడు. ఒక్కోటి 380 రూపాయలు, కాబట్టి తప్పుకు నాకు పడింది 1,900. పనితనం మాత్రం బాగుంది, అంచులు గీసుకోవు, కింద తెలుగులో వేసిన 'శ్రద్ధ'లో ఒత్తు కూడా విరగలేదు. రెండోసారి కుర్రాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని స్క్రీన్ మీద ఒక్కో చదరం చూపించాకే మెషీన్ ఆన్ చేశాడు.

పనికి నాలుగు స్టార్లు, ఓనరు మాటతీరుకు రెండు. తెలియని లిపి ఏదైనా సరే, ముందు కాగితం మీద ప్రింటు తీయించి చూసుకోండి. పాత షీల్డుల్లో ఒకటి ఆ కుర్రాడే అడిగి తీసుకుని, శాంపిల్ అని కౌంటరు మీద పెట్టుకున్నాడు.