తరగతి గదిలో ప్లికర్స్ కార్డులు: ఒక గణిత ఉపాధ్యాయురాలి సమీక్ష

ఏడాది మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్ష పేపర్లు దిద్ది మార్కులు వేసేసరికి ఆ పాఠం ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది కాబట్టి, పిల్లలకు ఏది అర్థం కాలేదో అదే పీరియడ్‌లో తెలిపే సాధనం కోసం చిత్తూరు జిల్లాలోని మా ఉన్నత పాఠశాలలో ప్లికర్స్ కార్డులను వాడుతున్నాను. విద్యార్థుల దగ్గర ఫోన్ ఉండనవసరం లేదు. ఒక్కొక్కరికీ వేర్వేరు గుర్తు ముద్రించిన కార్డు ఇస్తాము. ఏ, బి, సి, డిలలో తాము ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా దానిని పట్టుకుంటే, ఉపాధ్యాయుల ఫోన్ కెమెరా తరగతి మొత్తాన్ని చదివి ఎవరు ఏ జవాబు ఇచ్చారో వెంటనే చూపుతుంది. అక్షరాలు చాలా చిన్నవి, ఏ రెండు కార్డులూ ఒకేలా ఉండవు. పక్కవారిని చూసి రాయడం అంత సులభం కాదు. తమిళనాడు సరిహద్దు మండలాల్లో ఇంట తమిళం మాట్లాడుతూ బడిలో తెలుగులో నోరు విప్పడానికి జంకే పిల్లలు కూడా కార్డు ఎత్తడానికి వెనుకాడరు. నాకు ఇది అన్నిటికన్నా విలువైన గుణం.

అయితే దీని ఫలితం పూర్తిగా మనం రాసే తప్పు జవాబుల మీద ఆధారపడి ఉంటుంది. 0.4, 0.35, 0.125, 0.08లలో పెద్దది ఏదని అడిగితే, 0.125 అన్నవారు దశాంశ బిందువు తరువాతి అంకెలను పూర్ణసంఖ్యగా చదువుతున్నారని, 0.08 అన్నవారు సున్నా స్థానాన్ని వదిలేస్తున్నారని ఊహించవచ్చు. మొదటి గుంపుకు మరుసటి రోజు రూపాయలు, పైసలతో మళ్లీ చెప్పాలి, 0.4 రూపాయి అంటే 40 పైసలని, 0.35 అంటే 35 పైసలని వారే లెక్క కట్టాలి. రెండో గుంపుకు స్థానవిలువల పట్టిక చాలు. సరిగా చెప్పినవారిని ఈ రెండింటికోసం కూర్చోబెట్టడం అన్యాయం, వారికి వేరే లెక్కలు సిద్ధం చేసుకోవాలి. పాఠ్య ప్రణాళికలో ఇంత స్పష్టత మార్కుల రిజిస్టరు నుంచి ఎన్నడూ రాదు.

నాలుగు జవాబుల ప్రశ్నలో గుడ్డిగా ఎంచినా నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అందుకే ఒకే అంశం మీద రెండు ప్రశ్నలు అడగడం మేలు. రెండూ ఊహతో సరిపోయే అవకాశం పదహారింట ఒక వంతుకు తగ్గుతుంది. లెక్క చేసిన సోపానాలు మాత్రం ఈ కార్డులకు కనిపించవు, వాటికి పలకలే మేలు. తెలుగు వ్యాసరచనకు ఇవి అసలు పనికిరావు.

కార్డులను వెబ్‌సైటు నుంచి దించుకుని తిరుపతి బాలాజీ కాలనీలోనో, మరెక్కడో మందపాటి కాగితంపై ప్రింటు తీయించుకోవచ్చు. మెరిసే లామినేషన్ మీద కిటికీ వెలుగు పడితే కెమెరా గుర్తును చదవలేదు కనుక మెరుపులేని లామినేషన్ అడగండి. ఫలితాలను ఐఎఫ్‌పీ (తరగతి గదిలోని పెద్ద డిజిటల్ టచ్ బోర్డు) తెరపై చూపేటప్పుడు పేర్లు కనిపించనీయకండి. తప్పు జవాబు నలుగురికీ తెలిసిందంటే ఆ పిల్లవాడు తరువాతి ప్రశ్నకు తనకు తోచినది కాక, పక్కవారు పట్టుకున్నది పట్టుకోవడానికి ప్రయత్నిస్తాడు.