1689 స్కాట్లాండ్: హన్మకొండ జిరాక్స్ నోట్స్ కొనొచ్చా?

హన్మకొండలో కేయూ క్రాస్ దగ్గర దొరికే ఈ స్పైరల్ బైండింగ్ నోట్స్ మొత్తం 1689 ఒక్క ఏడాది మీదే. పీజీ హిస్టరీ పిల్లలు కొనుక్కోవచ్చు, కాకపోతే తేదీలు సరిచేసుకుని చదవాలి.

పెద్ద తప్పు అక్కడే ఉంది. స్కాట్లాండ్‌లో 1600 నుంచే కొత్త సంవత్సరం జనవరి 1న మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో అప్పటికింకా మార్చి 25నే ఏడాది మారేది. అందుకే ఎడిన్‌బరోలో ఎస్టేట్ల సమావేశం (పార్లమెంటు లాంటి సభ) మొదలైన 1689 మార్చి 14, ఇంగ్లండ్ లెక్కలో 1688 కిందికి వస్తుంది. ఈ నోట్స్‌లో రెండు లెక్కలూ కలిపేసి సమావేశాన్ని ఏడాది వెనక్కి నెట్టారు.

రాజు ఏడో జేమ్స్ (ఇంగ్లండ్‌లో రెండో జేమ్స్) “గద్దె వదిలేశాడు” అనీ రాశారు. అది ఇంగ్లండ్ వాదన. స్కాట్లాండ్‌లో ఏప్రిల్ 11న ఆమోదించిన ‘క్లెయిమ్ ఆఫ్ రైట్’ అనే హక్కుల ప్రకటన ప్రకారం ఆయన తన తప్పుల వల్ల కిరీటం మీద హక్కే పోగొట్టుకున్నాడు. పరీక్షలో ఈ తేడా రాయకపోతే జవాబుకు బలమే ఉండదు.

కిల్లీక్రాంకీ యుద్ధం (జులై 27) మాత్రం ఎంత బాగా చెప్పారో! కొత్త ప్రభుత్వ సేనాని మెకే సైనికులు బాయొనెట్‌ను (తుపాకీకి తగిలించే కత్తిని) తుపాకీ గొట్టంలోకే దూర్చాలి. దూర్చితే కాల్చలేరు. కాల్చి, దూర్చుకునేలోపే జేమ్స్ వైపు పోరాడిన హైలాండర్లు (స్కాట్లాండ్ కొండ ప్రాంతం వాళ్లు) కత్తులతో మీద పడ్డారు. బొమ్మ గీసి మరీ చూపించారు. గెలిచిన రోజే వాళ్ల నాయకుడు డండీ చనిపోవడం, ఆగస్టు 21న డన్‌కెల్డ్‌లో జాకబైట్లు (జేమ్స్ మద్దతుదారులు) వెనుదిరగడం రెండు లైన్లలో ముగించడం అన్యాయం.

కొనేముందు ఆ బొమ్మ పేజీ తిప్పి చూడండి. కొన్ని కాపీల్లో నల్లగా వచ్చింది, మార్చి ఇమ్మనండి.